ముక్కూ మొహం తెలియని మనిషి కోసం



మధ్యాహ్నం వంటిల్లు సర్దుకొని అలా నడుం వాల్చామో లేదో, వీధి తలుపు చప్పుడవుతుంది. తీసి చూస్తే రసీదు పుస్తకం పట్టుకొని ఎవరో నిలబడి ఉంటారు. వినాయక చవితి పందిరికని ఒకరు, అనాథాశ్రమానికని ఒకరు, వరద బాధితులకని ఇంకొకరు. ఇవ్వబుద్ధయితే ఇస్తాం, లేకపోతే "అయ్యగారు ఇంట్లో లేరండీ" అనేస్తాం. ఈ మాట ఒక్కసారైనా అనని ఇల్లాలు మనలో ఉన్నదా? నేను మాత్రం చాలాసార్లు అన్నాను. అట్లాంటి నేను తలుపుకి అవతలి వైపున నిలబడి, పరాయి దేశంలో, పరాయి భాషలో, ముక్కూ మొహం తెలియని ఒక ఖైదీ కోసం నలుగురినీ అడిగిన రోజులున్నాయి. ఆ సంగతే ఇవాళ మీతో చెప్పాలని వచ్చాను.

పందిరికి చందా అడగటం ఒక విధంగా తేలిక. ఇచ్చిన రూపాయి మన కళ్ళముందే వెదురుబొంగయి నిలబడుతుంది, ప్రసాదమై తిరిగి చేతికొస్తుంది. వరద బాధితులంటే కడుపు తరుక్కుపోతుంది. ఏటిగట్టు తెగితే రేపు మన గతీ అంతేకదా అనిపిస్తుంది. కాని ఎక్కడో ఏడు సముద్రాల అవతల, ప్రభుత్వానికి నచ్చని మాట అన్నందుకు జైల్లో పడ్డ మనిషి సంగతి అట్లా కాదు. ఆ మనిషి మన చుట్టం కాదు, మన భాష కాదు. పైగా, "జైల్లో వేశారంటే ఏదో చేసే ఉంటుంది" అన్న అనుమానం ఒకటి. అలాంటి మనిషి గురించి ఒక ఊరు ఊరంతా పట్టించుకొనేలా చేయడానికి పట్టుమని పదిమంది ఏం చేశారో చెప్తాను. ఏం చేసి చెడగొట్టుకొన్నారో అదీ చెప్తాను.

మా వారు డాక్టరు. 1979లో ఇంగ్లండు ఉత్తరాన ఒక చిన్న ఊళ్ళో ఆసుపత్రి ఉద్యోగం వచ్చి, ఇద్దరు పిల్లల్నీ తీసుకొని వెళ్ళాం. ఆయన డ్యూటీకీ పిల్లలు బడికీ వెళ్ళిపోతే, నాకు ఆ వానా, ఆ గోడలూ తప్ప మాట్లాడే దిక్కుండేది కాదు. పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేది. బడిపంతులమ్మగా చేసి రిటైరయింది. ఒకనాడు గోడ మీద నుంచే పిలిచి, "రేపు సాయంత్రం మా ఇంట్లో పదిమందిమి కలుస్తాం. టీ తాగి ఉత్తరాలు రాసుకొంటాం, నువ్వూ రాకూడదూ?" అంది. నేను మన పేరంటంలాంటిదేదో అనుకొని, ఉన్నంతలో మంచి చీర కట్టుకొని వెళ్ళాను. చూస్తే అందరూ మామూలు స్వెట్టర్లలో కూర్చొని, ఒళ్ళో అట్టముక్కలు పెట్టుకొని, ఎవరో దేశాధ్యక్షుడికి ఉత్తరాలు రాస్తున్నారు! అది ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ అనే సంస్థకు ఆ ఊరి శాఖ.

ఆ సంస్థ పుట్టుక మీలో కొందరికి తెలిసే ఉంటుంది. లండనులో పీటర్ బెనెన్సన్ అనే లాయరు 1961 మే 28న 'అబ్జర్వర్' పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ఏ దౌర్జన్యమూ చేయకుండా, కేవలం తమ నమ్మకాల కోసం జైళ్ళలో మగ్గుతూ లోకం మరిచిపోయిన మనుషుల గురించి. ఒక్క ఏడాది సాగించే ప్రచారమనే మొదలుపెట్టారు. ఉత్తరాలు రాస్తామని ముందుకొచ్చిన జనాన్ని చూసి అది ఆగలేదు. మొదట్లో ఒక్కొక్క శాఖకూ ముగ్గురు ఖైదీలను అప్పగించేవారు: పశ్చిమ దేశాల్లోంచి ఒకరు, కమ్యూనిస్టు దేశాల్లోంచి ఒకరు, మిగతా లోకంలోంచి ఒకరు. ఎవరి పక్షమూ కాదని చూపించుకోవడానికి ఇంతకంటే మంచి ఉపాయం ఉంటుందా? 1977లో ఆ సంస్థకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఇదంతా పుస్తకాల్లో ఉన్నదే. నేను చెప్పదలచుకొన్నది ఆ పెద్దావిడ ముందుగదిలో జరిగిన సంగతి.

టీ తాగటం అయ్యాక ఆవిడ నన్ను పక్కకు తీసుకుపోయి, బీరువాలోంచి ఒక పాత ఫైలు తీసింది. "మీ దేశానికి కూడా రాశామమ్మా" అంది. అన్నీ ఉత్తరాల నకళ్ళు. 1975, 76 సంవత్సరాలవి. ఢిల్లీలో ప్రధానమంత్రికీ, హోంమంత్రికీ రాసినవి. విచారణ లేకుండా నిర్బంధించిన ఒక మనిషిని విడుదల చేయమని, లేదా కోర్టు ముందు నిలబెట్టమని, వినయంగా, నెలకొకటి చొప్పున. నా మొహం ఎర్రబడింది. మన ఇంటి గుట్టు వీళ్ళకెందుకు, వీళ్ళెవరు మనకు చెప్పడానికి అని ఒళ్ళు మండింది. పైకి ఏమీ అనలేక ఇంటికొచ్చేశాను. రాత్రి మా వారితో చెప్తే ఆయనా, "మనకెందుకొచ్చిన గొడవ, పరాయి దేశంలో ఉన్నాం" అన్నారు.

కాని నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్తాను. ఎమర్జెన్సీ వచ్చిన 1975లో మేం విజయవాడలో ఉండేవాళ్ళం. నాకు పెళ్ళయి ఏడాదయింది. మా వీధి చివర ఇంట్లో ఒక కాలేజీ లెక్చరరుగారుండేవారు. జులైలో ఒక రాత్రి పోలీసులొచ్చి తీసుకుపోయారు. మీసా చట్టం. భార్యా, చంకలో బిడ్డా మిగిలారు. ఆ మరుసటి నెల శ్రావణం. నాది మొదటి మంగళగౌరీ నోము. వాయనానికి వీధిలో అందరినీ పిలిచాను, ఆవిడని తప్ప. ఎవరూ వద్దనలేదు, ఎవరూ నన్ను బెదిరించలేదు. నాకు నేనే ఆ గుమ్మం దాటేసి పక్కింటికి వెళ్ళిపోయాను. ఆవిడ కిటికీలోంచి చూసింది కూడా. నాకు లెక్చరరుగారితో పేచీ ఏమీ లేదు, ఆయన ఏం చేశారో కూడా తెలియదు. రైళ్ళు వేళకు వస్తున్నాయి, ధరలు తగ్గాయి అని అందరితో పాటు నేనూ అన్నాను. ఆ ఇరవయ్యొక్క నెలల్లో విచారణ లేకుండా నిర్బంధించిన వాళ్ళు లక్షకు పైమాటేనని తరవాత షా కమిషన్ లెక్క తేల్చింది. వాళ్ళలో మన నెల్లూరు పఠాభిగారి భార్య, నటి స్నేహలతారెడ్డి కూడా ఉన్నారు. 1976 మేలో అరెస్టయి, ఉబ్బసంతో ఎనిమిది నెలలు బెంగుళూరు జైల్లో ఉండి, 1977 జనవరిలో బయటికొచ్చిన కొద్ది రోజులకే పోయారు.

ఇంగ్లండులో ఎవరో ముసలావిడ, మనవాణ్ణి ఎవరినో, పేరు కూడా సరిగా పలకలేకపోయినా, నెలనెలా తలుచుకొని స్టాంపు అంటించింది. నేను నాలుగిళ్ళ అవతల ఉన్న మనిషికి గుప్పెడు శనగలూ ఒక తమలపాకూ ఇవ్వలేకపోయాను. మర్నాడు పొద్దున్నే గోడ దగ్గర నిలబడి, "మళ్ళీ ఎప్పుడు కలుస్తారు?" అని అడిగాను.

అప్పుడు మా శాఖ చేతిలో ఉన్నది ఉరుగ్వే దేశపు ఖైదీ. బ్రెజిల్, అర్జెంటీనాల మధ్య ఇరుక్కొన్న చిన్న దేశం అది. జనాభా ముప్ఫై లక్షలు. 1973 జూన్‌లో సైన్యం అండతో పార్లమెంటును రద్దు చేశారు. ఆ తరవాత వేలమందిని జైళ్ళలో పెట్టారు. మగ ఖైదీల పెద్ద జైలున్న ఊరి పేరు లిబెర్తాద్, అంటే స్వేచ్ఛ! విధి వేళాకోళం అంటే ఇదే కాబోలు. ఆడవాళ్ళ జైలు రాజధాని మాంటివిడియో శివార్లలో పుంతా దె రియెలెస్ అనే చోట. మా ఖైదీ అక్కడ ఉండేది. బడిపంతులమ్మ. ఉపాధ్యాయ సంఘంలో పనిచేసింది. పట్టుకుపోయేనాటికి ఆవిడ కూతురికి రెండేళ్ళు. పేరు చెప్పను, మేం "టీచరమ్మ" అనే అనుకొనేవాళ్ళం.

నా మొదటి ఉత్తరం మూడు పేజీలు రాశాను. కంటతడి పెట్టించేలా రాశాననుకొన్నాను. పెద్దావిడ కళ్ళద్దాలు సవరించుకొని చదివి, చాలా మర్యాదగా చింపేసింది. "ఒక్క పేజీ. తిట్టకూడదు, రాజకీయం ఎత్తకూడదు. ఫలానా మనిషి, ఫలానా రోజు నుంచి ఫలానా చోట ఉన్నది, విడిచిపెట్టమని కోరుతున్నాం, అంతే. నువ్వెవరో మాత్రం రాయి. ఇద్దరు పిల్లల తల్లిని, గృహిణిని అని రాయి. వాళ్ళకి మంత్రుల ఉత్తరాలకంటే నీ ఉత్తరమే అర్థం కాదు. అర్థం కానిదంటేనే భయం" అంది.

అయితే పదిమంది ఉత్తరాలు ఎంతని? ఏ అధికారైనా పది కాగితాలు చెత్తబుట్టలో వేయగలడు. వందలు, వేలు వస్తే బుట్ట పట్టదు. డొమినికన్ రిపబ్లిక్‌లో 1975లో జైల్లో పడ్డ ఒక కార్మిక నాయకుడు ఈ సంగతే చెప్పాడు. మొదటి రెండు వందల ఉత్తరాలకు బట్టలు తిరిగి ఇచ్చారట. ఇంకో రెండు వందలకు జైలు అధికారి వచ్చి చూశాడట. అవి అట్లా పెరిగి మూడు వేలయ్యేసరికి, ఒక కార్మిక నాయకుడికి ఇంతమంది స్నేహితులెక్కడివని దేశాధ్యక్షుడే అడిగాడట. అందుచేత శాఖ పని రెండు పాళ్ళు. ఒకటి రాయటం. రెండోది, దానికంటే కష్టమైంది, ఊళ్ళో వాళ్ళ చేత రాయించటం.

ఈ రెండో పనిలో మేం చేసిన మొదటి ఘనకార్యం పెద్ద సభ. ఒక హాలు అద్దెకు తీసుకొన్నాం. లండను నుంచి వక్తను పిలిచాం. ఊరంతా కాగితాలు అంటించాం. ఆ సాయంత్రం వచ్చింది పదకొండుమంది. అందులో ఏడుగురం మేమే. మిగతా నలుగురిలో ఒకాయన వాన తగ్గేదాకా కూర్చుందామని వచ్చాడు. హాలు అద్దె మా ఏడాది స్టాంపు ఖర్చంత. పాపం ఆ వక్త చాలా బాగా మాట్లాడాడు. కాని మనం అనుకొన్న వేళకు, మనం పిలిచిన చోటికి జనం ఎందుకు వస్తారు? వాళ్ళు రోజూ వెళ్ళే చోట్లకు మనమే వెళ్ళాలి. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి మాకు అంత డబ్బయింది.

ఆ ఊళ్ళో శనివారం సంత జరిగేది. కౌన్సిలు వాళ్ళ దగ్గర అనుమతి తీసుకొని, చేపల కొట్టుకీ జున్ను కొట్టుకీ మధ్యన ఒక బల్ల వేశాం. మొదటి శనివారం మాలో ఒక కుర్రాడు, మంచివాడే, ఉత్సాహవంతుడు, చిత్రహింసల ఫొటోలు బల్లనిండా పరిచాడు. చూస్తే జనం కదిలిపోతారని వాడి ఉద్దేశం. కదిలారు, అవతలి పక్కకు! పిల్లల్ని తోపుడు బండ్లలో తీసుకొచ్చే తల్లులు మా బల్ల కనబడగానే బండి తిప్పేసేవారు. వాళ్ళ తప్పేముంది? నేనైనా తిప్పేదాన్నే. భరించలేనిది చూపిస్తే మనిషి కళ్ళు మూసుకొంటాడు, అది కాఠిన్యం కాదు. జున్ను కొట్టావిడ మా మీద కోప్పడింది కూడా, "మీ వల్ల నా బేరాలు పోతున్నాయి" అని.

రెండో వారం ఫొటోలు తీసేశాం. ఒకే ఒక్క కాగితం, పెద్ద అక్షరాలతో, బల్లకి అంటించాం. టీచరమ్మ వయస్సు, ఉద్యోగం, కూతురి వయస్సు, జైల్లో పెట్టిన తేదీ. ఆ కింద చిరునామా రాసి, స్టాంపు అంటించిన పోస్టు కార్డులు ఒక కట్ట. అడిగేది కూడా ఒకటే: "రెండు వాక్యాలు రాసి మీ పేరు పెడతారా?" నిమిషం పని. కలం మేమే ఇచ్చేవాళ్ళం. రాస్తున్నంతసేపూ చేతి సంచి మేమే పట్టుకొనేవాళ్ళం. నవ్వకండి, సంతలో సంచి కింద పెట్టడానికి చోటు లేకే చాలామంది ఆగరని మాకు చాలా రోజులకు తెలిసింది.

"మన ఊళ్ళో ముసలివాళ్ళు చలికి చస్తుంటే ఎక్కడిదో ఉరుగ్వే ఎందుకు మీకు?" అని జున్ను కొట్టావిడే అడిగింది ఒకరోజు. పెద్దావిడ వాదించలేదు. "నిజమే" అంది. "బుధవారాలు నేను ముసలివాళ్ళకు భోజనాలు అందించడానికి వెళ్తాను, మనుషులు చాలటం లేదు. నువ్వూ వస్తావా?" జున్ను కొట్టావిడ వెళ్ళిందో లేదో గాని, ఆ తరవాత మమ్మల్ని ఆ మాట అనలేదు.

మేం ఏ వారమూ మానలేదు. వాన వచ్చినా, మంచు పడినా, ఇద్దరమైనా నిలబడేవాళ్ళం. అదే బల్ల, అదే మనుషులు, అదే టీచరమ్మ. కొన్ని నెలలకు సంతకు వచ్చేవాళ్ళు తలూపి పలకరించటం మొదలుపెట్టారు. ఏడాది తిరిగేసరికి చేపలాయన దాటిపోతూ, "మీ టీచరమ్మ సంగతేమైనా తెలిసిందా?" అన్నాడు. ఇంకో ఏడాదికి "మన టీచరమ్మ" అన్నాడు. "మీ" కాస్తా "మన" అయిన ఆ శనివారం మా పెద్దావిడ సంతలోనే కళ్ళు తుడుచుకొంది. ఉన్నమాట చెప్పడం కూడా అలవాటు చేసుకొన్నాం. కబురేమీ లేకపోతే లేదనే చెప్పేవాళ్ళం. మీ కార్డు వల్ల రేపే విడుదలవుతుందని ఒక్కసారి అబద్ధం చెప్తే, ఎల్లుండి మన బల్ల దగ్గరికి ఎవరొస్తారు?

ఇక డబ్బు. ప్రచారానికి ఏ ప్రభుత్వం దగ్గరా పైసా తీసుకోకూడదని సంస్థ నియమం. కాబట్టి పాత బట్టల అమ్మకం, పాత పుస్తకాల అమ్మకం, చందా డబ్బాలు. నా వంతు ఉల్లిపాయ పకోడీలు. పచ్చిమిరపకాయలు తగ్గించి, కాస్త వాము వేసి, వేడివేడిగా కాగితపు పొట్లాల్లో పెడితే, ఆ చలికి జనం ఎగబడి కొనేవారు. పొట్లం చల్లారేదాకా ఆగాలిగా, ఆ ఆగిన వేళలో కార్డు రాసేవారు. పకోడీ చేసిన ఉపకారం సభ చేయలేదు. కాని నాకు లోపల ఒక కష్టం ఉండేది. ప్రతి మీటింగులోనూ ఎవరెవరు ఎక్కడ మాట్లాడాలో పంచుకొనేవారు, చివర్న నా వైపు తిరిగి, "నువ్వు పకోడీలు చేస్తావుగా" అనేవారు. మానవ హక్కుల సంఘంలో కూడా ఆడదానికి, అందులోనూ నల్లదానికి, మూకుడేనా అనిపించేది. రెండేళ్ళు ఓర్చుకొని ఒకరోజు అనేశాను. గది నిశ్శబ్దమైపోయింది. సిగ్గుపడ్డారు, అది వాళ్ళ మంచితనం. వచ్చే నెల ఊరి మహిళా సమాజంలో నన్నే మాట్లాడమన్నారు.

ఇంకో చిత్రం. 1981లో ఇంగ్లండు కోర్టు, ఆమ్నెస్టీ ట్రస్టు ఆశయాలు రాజకీయమైనవి కాబట్టి చట్టం దృష్టిలో అది ధర్మసంస్థ కాదు అని తీర్పు చెప్పింది. ఆకలిగొన్న వాడికి అన్నం పెడితే ధర్మం, ఆకలి అని అరిచినందుకు జైల్లో పెడితే వదలమనటం రాజకీయం! మా కోశాధికారి ఈ తేడా చందా ఇచ్చేవాళ్ళకి వివరించలేక నానా అవస్థ పడేవాడు.

మహిళా సమాజంలో నలభైమంది ఉన్నారు. జామ్ సీసాల పోటీ మధ్యలో నాకు పావుగంట ఇచ్చారు. కాళ్ళు వణికాయి. ఉరుగ్వే గురించి నాలుగు మాటలయ్యాక ఒకావిడ లేచి, "మీ దేశాల్లో ఆడవాళ్ళకు హక్కులున్నాయా?" అంది. అందులో వెటకారం ఉందో, నిజమైన సందేహమే ఉందో ఇప్పటికీ చెప్పలేను. అప్పుడు హంసా మెహతా గారి సంగతి చెప్పాను. 1948 డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మానవ హక్కుల ప్రకటనలో మొదటి వాక్యం 'పురుషులందరూ' అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాటతో ఉండబోయింది. దాన్ని 'మానవులందరూ' అని మార్పించింది మన హంసా మెహతాయే. "మీరూ నేనూ ఆ కాగితంలో ఉన్నామంటే మా దేశపు ఆడది పట్టుపట్టబట్టే" అన్నాను. చప్పట్లు కొట్టారు. అంతకంటే ముఖ్యం, ఆ సాయంత్రం ముప్ఫై ఒక్క కార్డులు రాశారు. ఆపైన వాళ్ళ చర్చికీ, పిల్లల బడికీ, నర్సుల సంఘానికీ మమ్మల్ని వాళ్ళే పిలిపించారు. జనం అంటే గుంపు కాదండీ. ఇదివరకే ఉన్న పది సంఘాలు. ఒక్కదాని గుమ్మం తెరుచుకొంటే మిగతావాటికి దారి వాళ్ళే చూపిస్తారు.

అందరూ మెచ్చుకొన్నారని అనుకోవద్దు. "మండేలా కోసం ఎందుకు కార్డులు పెట్టరు?" అని ఒక కాలేజీ పిల్ల నిలదీసింది. దౌర్జన్యాన్ని సమర్థించిన వారిని ఆ జాబితాలో చేర్చకూడదన్న నియమం ప్రకారం, 1964 తరవాత మండేలాను మనస్సాక్షి ఖైదీగా ఆమ్నెస్టీ లెక్కించలేదు. అన్యాయమైన విచారణనూ చిత్రహింసలనూ ఎదిరించేది గాని, ఆ మాట మాత్రం వాడేది కాదు. ఆ అమ్మాయి మా మొహాన కార్డు పడేసి పోయింది. నాకూ ఆ నియమం గొంతుకు అడ్డుపడేది, ఇప్పటికీ పడుతుంది. కాని సంతలో నిలబడి, "మేం పలికే ప్రతి ఖైదీ చేతులూ శుభ్రం" అని చెప్పగలిగామంటే ఆ నియమం వల్లనే. రెండూ నిజమే.

ఏటా డిసెంబరు 10న, మానవ హక్కుల దినాన, సంత మధ్యలో కొవ్వొత్తులు వెలిగించేవాళ్ళం. ముళ్ళతీగ చుట్టిన కొవ్వొత్తి ఆమ్నెస్టీ గుర్తు. దాన్ని గీసింది కూడా లండనులో ఒక శాఖ సభ్యురాలు, డయానా రెడ్‌హౌస్. ఆ వారం ఖైదీకీ, ఖైదీ ఇంటివారికీ పండుగ కార్డులు పంపించేవాళ్ళం. ఇవి ప్రభుత్వానికి కాదు కాబట్టి విన్నపాలుండవు, కుశలం మాత్రమే. బడి పిల్లలు పిట్టల్నీ గుర్రాల్నీ గీసి ఇచ్చేవారు. నాకు బొమ్మలు రావు. వచ్చింది ముగ్గు. ఒక తెల్ల అట్ట మీద చుక్కల ముగ్గు వేసి టీచరమ్మ కూతురికి పంపాను. అట్లా నాలుగు డిసెంబర్లు.

ఒక్కదానికీ జవాబు రాలేదు. మా వారు పోస్టు ఖర్చు లెక్క చూసి ఏమీ అనేవారు కాదు. అదే పెద్ద సహాయం. మాలో ముగ్గురు విసిగి మానుకొన్నారు. వాళ్ళను తప్పు పట్టలేను. బావిలో రాయి వేసి చప్పుడు వినబడకపోతే ఎన్నాళ్ళు వేస్తాం?

ఇప్పుడు కాలం మారింది. స్వదేశపు కేసులు మీరు చేపట్టకూడదన్న పాత నియమాన్ని 2000 తరవాత సడలించారు. 2001లో పోలండులో వార్సా శాఖవాళ్ళు మొదలుపెట్టిన రోజంతా ఉత్తరాలు రాసే వేడుక దేశదేశాలకూ పాకి, ఇవాళ ప్రతి డిసెంబరులోనూ జరుగుతోంది. మన దేశంలో మాత్రం ఆ సంస్థ 2020 సెప్టెంబరులో పని ఆపేసింది. బ్యాంకు ఖాతాలు స్తంభింపజేశారని వాళ్ళన్నారు, విదేశీ విరాళాల చట్టాన్ని మీరారని ప్రభుత్వమన్నది. మా మనుమరాలు ఫోనులో వేలితో నొక్కి సంతకం పెట్టేస్తుంది. క్షణం పట్టదు. మంచిదే, వద్దనను. కాని సంచి పట్టుకొని పక్కన నిలబడే మనిషి లేని సంతకం నాకెందుకో ఉప్పులేని చారులా ఉంటుంది.

1985 మార్చిలో ఉరుగ్వేలో సైనిక పాలన ముగిసింది. కొత్త పార్లమెంటు క్షమాభిక్ష చట్టం చేసింది, రాజకీయ ఖైదీలందరూ బయటికొచ్చారు. మా కార్డుల వల్లనే అని నేననను. అక్కడి జనం పోరాడి తెచ్చుకొన్నారు. ఆ ఎండాకాలం మా పెద్దావిడ చిరునామాకి ఒక ఉత్తరం వచ్చింది, స్పానిష్‌లో. బడిలో ఆ భాష చెప్పే ఆయన్ని పిలిచి, శనివారం సంతలో, బల్ల దగ్గరే చదివించాం. చేపలాయన చేతులు తుడుచుకొని వచ్చాడు. జున్ను కొట్టావిడ బేరం ఆపి వచ్చింది.

టీచరమ్మ రాసింది. జైలుకు పంపిన మా కార్డు ఒక్కటీ ఆమె చేతికి అందలేదట. కాని తల్లి ఇంటికి పంపినవి అందాయట. మొదటి కార్డు వచ్చేదాకా ఇరుగుపొరుగువాళ్ళు ఆ ముసలావిడతో మాట్లాడటం మానేశారట. కిటికీలో వరసగా విదేశీ కార్డులు కనబడసాగాక, ఒక పొరుగావిడ తలుపు తట్టి స్టాంపులు అడిగిందట, తన కొడుకు పోగుచేస్తున్నాడని. ఆనాటి నుంచి మళ్ళీ రాకపోకలయ్యాయట.

నేనక్కడ నిలబడలేకపోయాను. విజయవాడలో నేను దాటేసి వెళ్ళిన గుమ్మం కళ్ళముందు కనబడింది.

ఉత్తరం అడుగున పెన్సిలుతో చిన్న పిల్ల రాత. పన్నెండేళ్ళదయి ఉంటుంది అప్పటికి. చుక్కలూ గీతలూ ఉన్న బొమ్మ కార్డు పంపినావిడ ఎవరు? ఎన్నిసార్లు వేసినా నాకు చివర కలవడం లేదు, చుక్కలెన్ని పెట్టాలి?

ఆ రాత్రే జవాబు రాశాను. ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు వచ్చేదాకా.